స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్‌ని పడగొట్టింది డీఎల్‌సీనా, గడియారమా?

మూడోరౌండ్:
స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ అనే రెండు ఫైటింగ్ గేమ్‌ల పాత్రలని కలిపి క్యాప్‌కామ్ కంపెనీ చేసిన ఈ ఆట మాటెత్తితే చాలు, ఎందుకు నిలబడలేదో అందరి నోటా ఒకటే జవాబు: "డిస్క్‌లో ఉన్న పాత్రలకే మళ్లీ డబ్బు అడిగారు, అందుకే పోయింది." 2012 మార్చిలో వచ్చిన ఆట గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా అదే మాట. డీఎల్‌సీ (ఆట కొన్నాక విడిగా డబ్బు కట్టి తెరిపించుకునే అదనపు సరుకు) గొడవతో ఆట పేరు చెడింది, కాదనను. కానీ ఆ గొడవ పక్కన పెట్టి, ఇష్టంగా కొనుక్కుని ఆడినవాళ్లు కూడా ఎందుకు వెళ్లిపోయారు? టైమౌట్‌ల వల్ల, అంటే ఎవరూ పడకుండానే గడియారం అయిపోయి రౌండ్‌లు ముగియడం వల్ల అంటాను నేను.

ఆడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ఇందులో ఇద్దరు పాత్రలు ఒక జట్టు. ఇద్దరిలో ఏ ఒక్కరి లైఫ్ అయిపోయినా రౌండ్ పోయినట్టే. ఇది టెక్కెన్ ట్యాగ్ అనే జంటల ఆట నుంచి తెచ్చుకున్న నియమం. క్యాప్‌కామ్ వాళ్ల ఇంకో జట్టు ఆట మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్‌లో లాగా ఒకరు పడితే ఇంకొకరు దిగడం ఉండదు. అందుకే బాగా దెబ్బలు తిన్నవాణ్ని వెంటనే వెనక్కి పిలవాలి. అలా వెళ్లినవాడికి పోయిన లైఫ్‌లో కొంత భాగం తిరిగి నిండుతుంది. మొదటి వెర్షన్‌లో అది మరీ వేగంగా నిండేది. మీరు ఎంతో కష్టపడి ఒకణ్ని సగానికి తెస్తారు, వాడు ట్యాగ్ చేసి (జోడీని దింపి) తప్పుకుంటాడు, రెండోవాడు దూరం దూరంగా తిరుగుతాడు. మొదటివాడు మళ్లీ దిగేసరికి మీ కష్టమంతా నీళ్లపాలు. ఈలోపు 99 దగ్గర మొదలైన గడియారం సున్నాకి వచ్చేస్తుంది. పెద్ద టోర్నమెంట్‌లలో కూడా రౌండ్ మీద రౌండ్ ఇలాగే ముగిసేది. చూసేవాళ్లకి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది?

నిజానికి ఆట పునాది చాలా గట్టిది. ప్రత్యేక దెబ్బలకి ఖర్చుపెట్టే శక్తి మీటర్ క్రాస్ గేజ్‌లో మూడే బార్లు. ఒక బార్ పెట్టి ఈఎక్స్ మూవ్ (బలం పెంచిన ప్రత్యేక దెబ్బ) వేయాలా, అదే బార్‌తో కాంబో (ఆగకుండా తగిలే దెబ్బల వరస) మధ్యలో జోడీని దింపాలా, రెండు దాచి సూపర్ ఆర్ట్ అనే పెద్ద దెబ్బ వేయాలా, మూడూ కలిపి ఇద్దరూ కలిసి కొట్టే క్రాస్ ఆర్ట్‌కి ఉంచుకోవాలా అన్నది ప్రతి క్షణం తేల్చుకోవాలి. ఇద్దరు పాత్రల మధ్య కాంబో కుదిరినప్పుడు వచ్చే ఆనందం నాకు ఇంకే ట్యాగ్ ఆటలోనూ దొరకలేదు. 2013 జనవరిలో ప్యాచ్ (ఆటని సరిచేసే అప్‌డేట్) వచ్చింది, లైఫ్ తిరిగి నిండే వేగం తగ్గించారు. ఆ ఒక్క మార్పుతోనే ఆట ప్రాణం పోసుకుంది. అప్పటికి జనం లేరు.

పాతప్యాడ్:
మీరు టైమౌట్‌ల గురించి చెప్పింది అక్షరాలా నిజం. కారణం మాత్రం అది కాదండీ. బ్లాంకా, సకురా, గై, కోడీ, డడ్లీ, ఎలెనా ఒకవైపు, లార్స్, అలీసా, బ్రయాన్, క్రిస్టీ, లే వూలాంగ్, జాక్-ఎక్స్ ఇంకోవైపు. ఈ 12 మందీ అమ్మిన డిస్క్ లోపలే ఉన్నారు, తాళం వేసి ఉన్నారు. తర్వాత రాబోయే వీటా (సోనీ చేతి గేమ్ మెషీన్) వెర్షన్‌తో పొత్తు కుదరడానికి, డౌన్‌లోడ్ సైజు తగ్గించడానికి అలా చేశామని క్యాప్‌కామ్ వివరణ ఇచ్చింది. చేతిలో ఉన్న డిస్క్‌కి పూర్తి డబ్బు కట్టినవాడికి ఆ వివరణ ఎందుకు పనికొస్తుంది? తాళం సంగతి ఆట వచ్చిన వెంటనే బయటపడింది. టైమౌట్‌లతో విసుగెత్తడానికి వారాలు పడుతుంది, నమ్మకం పోవడానికి ఒక్కరోజు చాలు.

జెమ్‌ల సంగతి మీరు అసలు ఎత్తలేదు. ఒక్కో పాత్రకి ఐదు జెమ్‌లు, అంటే అదనపు శక్తులు, పెట్టుకోవచ్చు. కొన్ని బలం పెంచుతాయి, కొన్ని వేగం పెంచుతాయి, ఒక రకమైతే గార్డ్ (దెబ్బని అడ్డుకోవడం) కూడా తనంతట తానే వేస్తుంది. కొన్ని జెమ్‌లు ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకే ఇచ్చారు. ఫైటింగ్ గేమ్ అంటే ఇద్దరూ ఒకే నేల మీద నిలబడాలి కదా.

ఆట బాగుంటే చాలదు అనడానికి మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఇన్ఫినిట్ ఉంది. 2017లో వచ్చింది, ఆన్‌లైన్ చక్కగా నడిచేది, కాంబోలకి స్వేచ్ఛ ఉంది. మార్వెల్ హీరోల జట్టు ఎక్స్-మెన్ లేరు, పాత్రల ముఖాలు బాలేవు అన్న మాటే నిలబడిపోయింది. ఏటా జరిగే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్ ఈవోలో 2018 జాబితాలోకి కూడా రాలేదు.

మూడోరౌండ్:
ఇన్ఫినిట్ మంచి ఉదాహరణ, ఒప్పుకుంటాను. జెమ్‌లు నాకూ నచ్చవు, అవి తీసేసి ఉంటే ఆట ఇంకా శుభ్రంగా ఉండేది. కానీ దాని ముందు ఆట చూడండి. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 2011 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ఇంకో 12 పాత్రలు కలిపి అల్టిమేట్ పేరుతో కొత్త డిస్క్ అమ్మారు. కొన్నవాళ్లు మండిపడ్డారు. అయినా ఆడటం మానలేదు, 2017 దాకా ఈవోలో ఉంది. ఎందుకంటే ఎవరు గెలుస్తారో చివరి పాత్ర పడేదాకా తెలియదు, ఆ టెన్షన్ కోసమే జనం కూర్చునేవారు. స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ 2012, 2013 ఈవోల్లో ఆడించారు, 2014లో లేదు. కోపం తెప్పించిన కంపెనీ ఒకటే, ఫలితాలు వేరు. తేడా ఆటలోనే ఉంది.

ఎలక్ట్రిక్‌పిడికిలి:
నేను టెక్కెన్ వైపునుంచి వచ్చినదాన్ని, కాబట్టి ఇంకో కోణం చెబుతాను. టెక్కెన్‌లో పక్కకి అడుగేసి తప్పించుకోవడమే మా ఊపిరి. ఇక్కడ అది లేదు, ఎదురుగా హడోకెన్‌లు (దూరం నుంచి విసిరే శక్తి బంతులు) వస్తుంటాయి, నాలుగు బటన్ల చేతికి ఆరు బటన్లు. అయినా టెక్కెన్ పాత్ర కజుయాని ఎంత శ్రద్ధగా మలిచారో చూడండి. మిస్ట్ స్టెప్ అనే అతని ప్రత్యేక అడుగు ఉంది, అందులోంచి ఎలక్ట్రిక్ అనే గుద్దు ఉంది, టైమింగ్ తప్పితే మామూలు దెబ్బే పడుతుంది. ఇంకో టెక్కెన్ పాత్ర హ్వొరాంగ్ కాలు మార్చి నిలబడటం కూడా వదల్లేదు. వేరే ఇంటి పాత్రలని ఇంత గౌరవంగా తెచ్చిన క్రాసోవర్లు నాకు చాలా తక్కువ కనిపిస్తాయి. టెక్కెన్ చేసే నామ్‌కో వాళ్లు చేస్తామన్న టెక్కెన్ క్రాస్ స్ట్రీట్ ఫైటర్ రానే లేదు, చివరికి టెక్కెన్ 7లో స్ట్రీట్ ఫైటర్ నుంచి అకుమా ఒక్కడు వచ్చాడు. అతన్ని ఆడినప్పుడల్లా అదే శ్రద్ధ గుర్తొచ్చేది.

లోపం అడిగితే నేను పండోరా అనే పద్ధతి అంటాను. లైఫ్ 25 శాతానికి పడ్డాక జోడీని బలి ఇచ్చి కొన్ని సెకన్లు బలం తెచ్చుకోవడం, ఆలోపు గెలవకపోతే ఓడిపోవడం. అంత పెద్ద పందేనికి తగిన లాభం అందులో లేదు, అందుకే ఎవరూ వాడలేదు. ఇంకా మొదట్లో ఆన్‌లైన్ మ్యాచ్‌ల్లో శబ్దాలు మధ్యమధ్యలో ఎగిరిపోయేవి. దెబ్బ తగిలిందో గార్డ్ అయిందో చెవితో పోల్చుకునే నాలాంటివాళ్లకి అది నరకం.

కొత్తచేయి:
నేను ఇప్పుడే మొదలుపెడుతున్నాను. ప్యాచ్ వేసిన వెర్షనే ఉంది. ఎవరితో మొదలుపెట్టమంటారు?

ఎలక్ట్రిక్‌పిడికిలి:
ముందు స్ట్రీట్ ఫైటర్ పాత్ర ర్యూని తీసుకోండి, పక్కన నచ్చిన టెక్కెన్ పాత్రని పెట్టుకోండి. బలహీనం నుంచి బలం దాకా బటన్లు వరసగా నొక్కితే బూస్ట్ కాంబో వస్తుంది, చివర బలమైన బటన్ ఇంకోసారి నొక్కితే జోడీ దిగుతుంది. మొదటి వారం అది చాలు. జెమ్‌లు ముట్టుకోకండి.

పాతప్యాడ్:
జెమ్‌ల విషయంలో మనం ముగ్గురం ఒకే మాట మీద ఉన్నాం అన్నమాట. నేను ఆ ప్యాచ్ రాకముందే మానేశాను. మూడోరౌండ్ గారూ, ఈ శనివారం రాత్రి ఖాళీ ఉంటే పది మ్యాచ్‌లు ఆడదాం. గడియారం ఎన్నిసార్లు సున్నాకి వస్తుందో నేనే లెక్కపెడతాను.