‘ఉండిపోవడం’ కాస్తా ‘అవ్వడం’ ఎలా అయింది? నార్డిక్ భాషలు తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్తే అండి, స్వీడిష్ నేర్చుకుంటూ ‘బ్లి’ అనే క్రియ దగ్గర ఇరుక్కున్నా. స్వీడిష్‌లో, నార్వేజియన్‌లో దీనికి అవ్వడం అని అర్థం, డానిష్‌లో ‘బ్లీవె’ అంటారు. తీరా చూస్తే ఇది వాళ్ళ సొంత మాటే కాదు, మధ్యయుగాల్లో హాన్సియాటిక్ వర్తకులు (ఉత్తర జర్మనీ పట్టణాల వ్యాపార కూటమి వాళ్ళు) మాట్లాడిన ‘లో జర్మన్’ (Low German, ఉత్తర జర్మనీ భాష) నుంచి వచ్చింది, అక్కడేమో ఉండిపోవడం అని అర్థం, జర్మన్ ‘బ్లైబెన్’ ఇప్పటికీ అదే కదా.

ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత నార్స్‌లో అవ్వడానికి ‘వెర్ధా’ ఉండేది. ఐస్లాండిక్‌లో అది ఇంకా నిక్షేపంగా ఉంది, పైగా ‘యేగ్ వెర్ధ్ ఆధ్ ఫారా’ అంటే నేను వెళ్ళక తప్పదు అని, అంటే ‘తప్పదు’ అన్న పని కూడా అదే చేస్తోంది. నార్వేలో నీనోర్స్క్ (నార్వేజియన్ రెండు రాత రూపాల్లో ఒకటి) రాసేవాళ్ళు ‘వెర్తె’ వాడతారు, స్వీడన్‌లో కూడా కొందరి మాటల్లో ‘బ్లేవ్’ (‘అయింది’, అంటే ‘బ్లి’ భూతకాల రూపం) బదులు పాత క్రియ రూపం ‘వార్ట్’ వినిపిస్తుంది.

నా డౌట్ ఏంటంటే, సరుకుల పేర్లు, పనిముట్ల పేర్లు అరువు తెచ్చుకున్నారంటే అర్థముంది, కానీ రోజూ నోట్లో నానే ఇంత మామూలు క్రియని ఎలా మార్చేసుకున్నారు? ఈ అర్థం మారడం ‘లో జర్మన్’‌లోనే మొదలైందా, లేక నార్డిక్ భాషల్లోకి వచ్చాకా? డానిష్‌లో రెండు అర్థాలూ బతికే ఉన్నాయి, ‘బ్లీవ్ హెర్’ అంటే ఇక్కడే ఉండు, మరి స్వీడిష్ వాళ్ళు దానికి ‘స్తన్నా’ ఎందుకు పట్టుకున్నారు? ఫారోయీజ్ (ఫారో దీవుల భాష) తెలిసినవాళ్ళుంటే అక్కడ మామూలు మాటల్లో ఏది ఎక్కువ వాడతారో కూడా చెప్పండి ప్లీజ్.