స్ట్రోక్ చిట్టెలుకల్లో ప్లస్ మేజ్ ఫలితం: ఆందోళనా, కాలు సాగకపోవడమా?

ప్రశ్న (కార్టెక్స్_07)

ఫొటోథ్రాంబోసిస్ (రంగు ఎక్కించి వెలుగు వేసి రక్తనాళాల్లో గడ్డ కట్టించే) పద్ధతిలో మోటార్ కార్టెక్స్‌లో, అంటే కదలికలను నడిపే మెదడు భాగంలో, స్ట్రోక్ కలిగించిన చిట్టెలుకలను 7వ రోజున ఎలివేటెడ్ ప్లస్ మేజ్‌లో (ఎత్తున ఉండే ప్లస్ ఆకారపు వేదిక; రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు) వదిలితే, గోడలు లేని ఓపెన్ ఆర్మ్స్‌లో గడిపిన సమయం షామ్ గ్రూపు (స్ట్రోక్ లేకుండా మిగతాదంతా చేసిన ఎలుకలు) కంటే బాగా తక్కువ వచ్చింది. దీన్ని ఆందోళన అని రాయొచ్చా? కాలు బలహీనపడిన ఎలుక గోడల మధ్యే ఉండిపోతుంది కదా అని రివ్యూయర్ అభ్యంతరం. అవే ఎలుకలను 28వ రోజున మళ్లీ అదే మేజ్‌లో పెడితే సరిపోతుందా?

జవాబు (మేజ్_మాస్టారు)

రివ్యూయర్ అడిగింది న్యాయమే. ఉన్న వీడియోల్లోనే క్లోజ్డ్ ఆర్మ్ ఎంట్రీలు, నడిచిన మొత్తం దూరం మళ్లీ లెక్కించండి. ఆ రెండూ షామ్‌తో సమానంగా ఉండి ఓపెన్ ఒక్కటే తగ్గితే మీ వాదనకు బలం. అన్నీ కలిసి పడిపోతే అది కదలిక లోపమే కావచ్చు, ఆందోళన అనకండి. నాలుగు పాదాలూ లోపలికి వస్తేనే ఎంట్రీగా తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ శరీర మధ్యబిందువును మాత్రమే చూస్తే, వెనక పాదం ఈడ్చుకుంటూ సగం దూరి వెనుదిరిగిన ఎలుకకు కూడా ఎంట్రీ వేసేస్తుంది. ఓపెన్ ఆర్మ్ అంచున పాదం జారిన సందర్భాలనూ విడిగా గుర్తించండి. జారడం ఎక్కువైతే రివ్యూయర్ మాటే నెగ్గుతుంది.

28వ రోజు ఆలోచన మాత్రం మానుకోండి. ఒక్కసారి 5 నిమిషాలు మేజ్ చూసిన ఎలుక రెండోసారి ఓపెన్ ఆర్మ్ జోలికి అంతగా పోదు, ఆందోళన తగ్గించే డయాజెపామ్ ఇచ్చినా పెద్దగా మార్పు రాదు. ఆ రోజుకు వేరే ఎలుకలను ముందే కేటాయించాలి.

జవాబు (గ్లియా)

పై మాటకు ఒకటి చేరుస్తాను. నడిచిన దూరాన్ని కోవేరియేట్‌గా (గణాంక లెక్కలో దాని ప్రభావాన్ని తీసేసే అంశంగా) పెట్టి సర్దేద్దామని చాలామంది చూస్తారు. దూరమే స్ట్రోక్ వల్ల మారినప్పుడు ఆ సర్దుబాటు అసలు ప్రభావాన్నే కొంత తుడిచేస్తుంది. అంతకంటే మందుతో పరీక్షించడం మేలు: కొత్త స్ట్రోక్ ఎలుకల్లో కొన్నింటికి టెస్టుకు 30 నిమిషాల ముందు కడుపు కుహరంలోకి ఇంజెక్షన్‌గా కిలోకు 1 మి.గ్రా. డయాజెపామ్, మిగతావాటికి వెహికల్ (మందు లేని ఉత్త ద్రావకం). మందు పడ్డవి ఓపెన్ ఆర్మ్‌లోకి వెళ్తే కాలు సత్తువ ఉన్నట్టే, అడ్డుపడింది భయమన్నమాట. డోసు పెంచితే మత్తు వచ్చి నడకే తగ్గుతుంది, అప్పుడు ఫలితం ఎటూ తేలదు. షామ్ గ్రూపుకూ ఇదే విభజన ఉండాలి.

ఎలుకను తోక పట్టి ఎత్తుతున్నారా? అది ఆందోళనను పెంచుతుంది. గొట్టంలోకి ఎక్కించి తరలించండి. షామ్‌లకు రోజ్ బెంగాల్ (వెలుగు తగిలితే గడ్డ కట్టించే ఆ రంగు) ఇచ్చి లైటు వేయకుండా వదిలేయడం సరైన పద్ధతి.

కార్టెక్స్_07

ప్లస్ మేజ్ బదులు లైట్-డార్క్ బాక్స్ (ఒకటి వెలుగు, ఒకటి చీకటి గదులున్న పెట్టె) వాడితే ఈ తలనొప్పి తప్పుతుందా?

మేజ్_మాస్టారు

తప్పదు, అక్కడా నడవాల్సిందే. వెలుగులో గడిపిన సమయంతో పాటు గదుల మధ్య ఎన్నిసార్లు మారిందో కూడా రాసుకోవాలి. ఓపెన్ ఫీల్డ్‌లోనూ (ఖాళీ పెట్టెలో తిరగనిచ్చే పరీక్ష) జాగ్రత్త: ఒక వైపు స్ట్రోక్ వస్తే ఎలుక ఒకే దిక్కుకు తిరిగే అవకాశం ఉంది, అది ఆందోళన గుర్తుగా లెక్కించే గోడ వెంట నడకలా కనిపిస్తుంది. కుడి ఎడమ మలుపులు విడివిడిగా లెక్కించండి. ఆందోళనే అసలు ప్రశ్నయితే మోటార్ కార్టెక్స్ మోడల్ ఎంచుకోవడం దగ్గరే ఇబ్బంది మొదలైంది. ఎడమ మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో (భావోద్వేగాలను అదుపు చేసే ముందరి మెదడు భాగం) రక్తనాళాలను బిగించే ఎండోథెలిన్-1తో చేసే స్ట్రోక్‌లో కదలికకు తగిలే దెబ్బ తక్కువ, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు వారాల తరబడి ఉంటాయి.