లైవ్ డిస్క్‌లో నల్ల తెర: ‘నోమోడ్‌సెట్ పెట్టండి’ అనేదే మొదటి సలహా కావాలా?

మౌనగ్రబ్

లైవ్ డిస్క్ (ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్ నడిపి చూసే డీవీడీ లేదా యూఎస్‌బీ) నుంచి లినక్స్ బూట్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయిందని ఈ ఫోరంలో ఎవరు రాసినా, నిమిషాల్లో వచ్చే జవాబు ఒకటే: ‘గ్రబ్ మెనూలో (బూట్ మొదట్లో వచ్చే ఎంపికల పట్టీ) ఇంగ్లిష్ ‘ఈ’ మీట నొక్కండి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చండి, ఎఫ్10 నొక్కండి.’ యంత్రం ఏమిటి, గ్రాఫిక్స్ చిప్ ఎవరిది, అసలు మెనూ కనిపించిందా అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఈ అలవాటు మానుకోవాలని నా వాదన.

ఆ మాట ఏం చేస్తుందో చూడండి. 2009లో వచ్చిన 2.6.29 కెర్నల్ (లినక్స్ మూల భాగం) నుంచి, ముందు ఇంటెల్ చిప్‌లకు, తర్వాత రేడియాన్ (ఏఎండీ చిప్‌లది), నూవో (ఎన్విడియా చిప్‌లది) డ్రైవర్లకు, స్క్రీన్ మోడ్‌ను (రిజల్యూషన్ వంటివి) నిర్ణయించే పని కెర్నల్ చేతికి వచ్చింది. నోమోడ్‌సెట్ పెడితే కెర్నల్ ఆ పని మానేసి, ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్) బూట్ సమయంలో అప్పగించిన ఫ్రేమ్‌బఫర్‌తోనే (తెర బొమ్మ ఉండే మెమరీ) సరిపెట్టుకుంటుంది. బొమ్మ వస్తుంది, నిజమే. కానీ అసలు డ్రైవర్ ఎక్కదు. రిజల్యూషన్ మార్చలేరు, రెండో మానిటర్ పలకదు, ల్యాప్‌టాప్‌లో వెలుతురు తగ్గించే మీటలు సాధారణంగా పనిచేయవు, డెస్క్‌టాప్ గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వారం తర్వాత అదే మనిషి ‘లినక్స్ చాలా నెమ్మది’ అని రాసి వెళ్లిపోతాడు.

మొదట అడగవలసింది: ఏ దశలో నల్లబడింది?

ఎఫ్12ప్రియ

మౌనగ్రబ్ గారూ, నల్ల తెర ముందు కూర్చున్న మనిషికి కావలసింది బొమ్మ. చరిత్ర తర్వాత చెప్పుకోవచ్చు. ఆ యంత్రం మీద ఉన్నది పని చేయని లైవ్ డిస్క్ ఒక్కటే. అతను మీకు రాస్తున్నది ఫోను నుంచి. ‘లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) పంపండి’ అంటే ఎక్కడి నుంచి పంపుతాడు?

పైగా ఇది మనం కనిపెట్టిన నాటు వైద్యం కాదు. ఉబుంటు అనే లినక్స్ రకం మెనూలో ‘సేఫ్ గ్రాఫిక్స్’ ఉంది. మింట్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్’ ఉంది. ఫెడోరాలో ‘ట్రబుల్‌షూటింగ్’ కింద ‘బేసిక్ గ్రాఫిక్స్ మోడ్’ ఉంది. లోపల అన్నిటి కీలకం నోమోడ్‌సెటే. డిస్క్ తయారుచేసినవారే ముందుగా ఊహించి పెట్టిన దారిని చూపిస్తే తప్పేమిటి?

మౌనగ్రబ్

మెనూలో ఉన్నదాన్ని ఎంచుకోమంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. ‘వరుస చివర చేర్చండి’ అన్నదగ్గరే పేచీ.

ఆ వరుసలో మూడు అడ్డగీతలు (---) ఉంటాయి, గమనించారా? డెబియన్ ఇన్‌స్టాలర్ సంప్రదాయం ప్రకారం వాటికి ముందు ఉన్నవి ఈ ఒక్క బూట్‌కే, వాటి తర్వాత ఉన్నవి ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లోకీ వెళతాయి. ఉబుంటు కూడా ఆ బాటలోనిదే. ఫెడోరా ఇన్‌స్టాలరైతే నోమోడ్‌సెట్ కనిపిస్తే తనే కొత్త సిస్టమ్‌లోకి మోసుకుపోతుంది. గ్రబ్‌లో చేసిన మార్పు ఆ ఒక్కసారికే అని మీరు ధైర్యం చెబుతారు. డిస్క్ వరకు అది నిజం. ఇన్‌స్టాల్ చేశాక అది శాశ్వతంగా కూర్చుంటుంది, పెట్టిన మనిషికి తెలియకుండానే. ‘కొత్త కార్డు కొన్నాను, ఆటలు ఆడలేకపోతున్నాను’ అనే ఫిర్యాదుల్లో బూట్ వరుస ఒకసారి చూపించమనండి.

ఎఫ్12ప్రియ

అలాగైతే ‘మూడు గీతలకు ముందు చేర్చండి’ అని సలహా దిద్దుకుందాం. సలహానే ఎత్తేయడం ఎందుకు?

పాతయంత్రం

ఇద్దరూ ఔషధం గురించే మాట్లాడుతున్నారు, రోగం దగ్గరకు రండి. ‘నల్ల తెర’ అనే పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు విషయాలు దాక్కున్నాయి.

మెనూ కూడా రాకముందే నల్లగా ఉంటే లినక్స్ ఇంకా మొదలే కాలేదు. కెర్నల్‌కు ఏ మాట చెప్పినా వినేవాడు లేడు. యూఎస్‌బీ సరిగా రాయకపోవడం, యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతికీ పాత బయోస్ పద్ధతికీ పొంతన కుదరకపోవడం, లేదా గ్రబ్ ఎంచుకున్న రిజల్యూషన్ మానిటర్‌కు నచ్చకపోవడం చూడాలి. ఇక్కడ నోమోడ్‌సెట్ చెప్పడం కాలక్షేపం.

మెనూలో ఎంచుకోగానే నల్లబడితే, ముందు ఆ వరుసలో క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలు (బూట్ సందేశాలు దాచి లోగో చూపేవి) తీసేసి బూట్ చేయండి. చేర్చేది ఏమీ లేదు, తీసేయడమే. అక్షరాలు గబగబా పరుగెత్తి ఉన్నట్టుండి తెర ఆరిపోతే, ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్‌ను పక్కకు నెట్టి అసలు డ్రైవర్ పగ్గాలు తీసుకున్న క్షణం అదే కావచ్చు. నోమోడ్‌సెట్‌కు తగిన చోటు ఇది. ఏదో ఒక దోషం చెబుతూ వరుస ఆగిపోతే, ఆ వరుసే సమాధానం. ఫోనుతో ఫొటో తీసి పెట్టమనండి. లాగ్ ఎలా పంపుతాడని ఎఫ్12ప్రియ గారు అడిగారు కదా, ఇలా.

లోగో వచ్చి పోయాక నల్లబడితే కెర్నల్ తన పని చాలావరకు చేసినట్టే. గ్రాఫికల్ సెషన్ (డెస్క్‌టాప్) లేవలేదు, లేదా లేచి మరెక్కడో కనిపిస్తోంది. క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా చూడండి. స్పందిస్తే సిస్టమ్ బతికే ఉంది. దానంతటదే మినుకుమంటుంటే కెర్నల్ కుప్పకూలింది. బతికి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. పేరు అడిగితే ఉబుంటులో ఉబుంటు, ఫెడోరాలో లైవ్‌యూజర్, పాస్‌వర్డ్ ఖాళీ. అక్కడ జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో లాగ్ చూసుకోవచ్చు. లైవ్ సెషన్ లాగ్ మెమరీలోనే ఉంటుంది, ఆపేస్తే పోతుంది. కావలసినది ముందే మరో యూఎస్‌బీలోకి కాపీ చేసుకోండి.

నాలుగోది అందరూ మరిచేది: తెర నల్లగా లేదు, వెనక దీపం (బ్యాక్‌లైట్) ఆరింది. గది చీకటి చేసి ఫోను టార్చ్ ఏటవాలుగా స్క్రీన్ మీద వేయండి. డెస్క్‌టాప్ మసకగా కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ బొమ్మ గీస్తూనే ఉందన్నమాట. అప్పుడు బూట్ వరుసలో ఏసీపీఐ_బ్యాక్‌లైట్=వెండర్, లేదా నేటివ్, ఈ రెండిటిలో ఒకటి ప్రయత్నించాలి. దీనికి నోమోడ్‌సెట్ పెట్టినా తెర వెలుగుతుంది, ఎందుకంటే బ్యాక్‌లైట్‌ను ఎవరూ ముట్టుకోరు. రోగం మాత్రం తెలియదు.

అంకెలమనిషి

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలు (డిస్క్ ప్రతి) ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్య (ఫైలు చెడలేదని చూసే గుర్తు) సరిపోల్చారా అని ఒక్కరూ అడగలేదు. సగం రాసిన యూఎస్‌బీ కూడా మెనూ చూపిస్తుంది, ఎందుకంటే మెనూ చిన్నది. పెద్ద ఫైలు చదవాల్సి వచ్చినప్పుడు కదా తెలిసేది. డీవీడీ అయితే గీతలు పడిన చోట మళ్లీ మళ్లీ చదువుతూ చాలాసేపు నల్లగానే ఉంటుంది. డ్రైవ్ చప్పుడు వినిపిస్తుంటే కాస్త ఆగి చూడండి.

కొత్తచేయి

నా సంగతి ఇక్కడే అడగవచ్చా? చిన్న డెస్క్‌టాప్, ఇంటెల్ గ్రాఫిక్స్, బయటి మానిటర్. లోగో వచ్చి పోతుంది. తర్వాత ఖాళీ తెర, మౌస్ బాణం మాత్రం ఉంది. బాణం ఒక అంచు దాటి మాయమై మళ్లీ వస్తోంది. ‘సేఫ్ గ్రాఫిక్స్’ ఎంచుకుంటే అంతా కనిపించింది, కానీ అక్షరాలు పెద్దగా, మసకగా ఉన్నాయి. ఇలాగే ఇన్‌స్టాల్ చేసేయనా?

ఎఫ్12ప్రియ

చేసేయండి. అప్‌డేట్‌లు వేశాక నోమోడ్‌సెట్ తీసి చూడవచ్చు.

పాతయంత్రం

ఆగండి. బాణం అంచు దాటి పోతోందంటే అటువైపు మరో తెర ఉందని సిస్టమ్ నమ్ముతోంది. మామూలుగా బూట్ చేసి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. సిస్ అనే ఫోల్డర్‌లో క్లాస్ ఫోల్డర్, దాని కింద డీఆర్‌ఎమ్ ఉంటుంది. అందులో ప్రతి కనెక్టర్‌కూ (తెర తగిలించే చోటు) ఒక ఫోల్డర్, ప్రతిదానిలో స్టేటస్ అనే ఫైలు. అన్నిటినీ క్యాట్ ఆదేశంతో చదివి, ఏది ‘కనెక్టెడ్’ అంటోందో చెప్పండి.

కొత్తచేయి

అక్షరాల తెర వచ్చింది! రెండు కనెక్టెడ్ అంటున్నాయి. ఒకటి హెచ్‌డీఎంఐ. మరొకటి ఎల్‌వీడీఎస్-1. ఈ డబ్బాకు నేను తగిలించిన మానిటర్ ఒక్కటే ఉంది.

పాతయంత్రం

ఎల్‌వీడీఎస్ అంటే ల్యాప్‌టాప్ లోపలి తెరకు వాడే కనెక్టర్. మీ బోర్డు తనకు లోపల తెర ఉందని చెప్పుకుంటోంది, కెర్నల్ నమ్మింది, డెస్క్‌టాప్ దాన్నే మొదటి స్క్రీన్ అనుకుని బొత్తాలన్నీ అక్కడ పెట్టింది. బూట్ వరుసలో వీడియో=ఎల్‌వీడీఎస్-1:డి చేర్చండి, అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. చివరి అక్షరం ఆ కనెక్టర్‌ను ఆపేయమని చెబుతుంది.

కొత్తచేయి

పూర్తి రిజల్యూషన్‌తో వచ్చింది. అక్షరాలు చక్కగా ఉన్నాయి. ధన్యవాదాలు!

మౌనగ్రబ్

ఇదే నేను చెబుతున్నది. నోమోడ్‌సెట్‌తో బూట్ చేసి ఉంటే ఇంటెల్ డ్రైవర్ ఎక్కేదే కాదు, డీఆర్‌ఎమ్ కింద ఎల్‌వీడీఎస్ ఫోల్డర్ కనిపించేదే కాదు. వేలిముద్రలు తుడిచేసి దొంగను వెతకమన్నట్టు. ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్‌లు వేసినా ఆ బోర్డు చెప్పే అబద్ధం మారదు. ఎఫ్12ప్రియ గారి సలహా ప్రకారం నోమోడ్‌సెట్ తీసిన రోజున మళ్లీ ఖాళీ తెరే.

ఎఫ్12ప్రియ

ఆ రోజుకి ఆయన దగ్గర ఇన్‌స్టాల్ అయిన సిస్టమ్ ఉండేది, ఇంటర్నెట్ ఉండేది, లాగ్‌లు డిస్క్ మీద నిలిచేవి. మనం అడిగిన ప్రతిదీ కాపీ చేసి పంపగలిగేవారు. లైవ్ డిస్క్ మీద ఇంత పరిశోధన చేయించడం ఈసారి ఫలించింది, ఎందుకంటే కొత్తచేయి గారు చెప్పినట్టే చేసి, చూసింది చూసినట్టే రాశారు. అందరూ అలా ఉండరు. ‘కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3’ అనగానే వెళ్లిపోయేవారి లెక్క ఎవరు వేశారు?

ఇంకొకటి. క్వైట్, స్ప్లాష్ తీయండి అంటున్నారు. డ్రైవర్ పగ్గాలు తీసుకుని కూలితే ఆ అక్షరాలూ తెరతో పాటే పోతాయి. చివరి వరుస రెప్పపాటులో మాయమైతే ఫొటో ఎవరు తీస్తారు?

పాతయంత్రం

వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడవచ్చు. అయినా ‘అక్షరాలు వచ్చి ఆరిపోయాయి’ అన్న ఒక్క మాట చాలు, నోమోడ్‌సెట్ అప్పుడు చెబుదాం. అది రెండో అడుగు కావాలని తప్ప అసలు వద్దని నేను అనలేదు. వద్దన్నది మౌనగ్రబ్ గారు.

నీలిదీపం

ఎన్విడియా గురించి మాట్లాడకుండా ఈ చర్చ ఎలా నడుస్తోంది? కొత్త కార్డు, దానికంటే పాత లైవ్ డిస్క్: నూవో డ్రైవర్‌కు ఆ కార్డు తెలియదు, తెర ఆరిపోతుంది. ఇక్కడ పరిశోధించడానికి ఏమీ లేదు. నోమోడ్‌సెట్‌తో ఇన్‌స్టాల్ చేయండి, ఎన్విడియా సొంత డ్రైవర్ వేయండి, నోమోడ్‌సెట్ తీసేయండి. లేదా కొత్త కెర్నల్ ఉన్న విడుదల దించుకోండి, అది ఇంకా మేలు.

ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్ అయితే మాత్రం నోమోడ్‌సెట్ మొరటు పని. అది రెంటినీ కట్టేస్తుంది. నూవో.మోడ్‌సెట్=0 పెడితే ఎన్విడియా ఒక్కటే పక్కకు తప్పుకుంటుంది, లోపలి తెర సాధారణంగా ఇంటెల్ చిప్ మీదే ఉంటుంది కాబట్టి పూర్తి హంగులతో నడుస్తుంది. ఈ తేడా చెప్పేవారు తక్కువ.

మౌనగ్రబ్ గారి పక్షాన కూడా ఒకటుంది. ఏఎండీ కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైళ్లు (కార్డులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాములు) లేకపోతే డ్రైవర్ పనిచేయదు. 2023లో డెబియన్ 12 వచ్చేవరకు ఆ ప్రాజెక్టు అధికారిక ఇన్‌స్టాలర్ డిస్కుల్లో స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. నల్ల తెర వచ్చినవారికి నోమోడ్‌సెట్ చెప్పి పంపారు. వారికి కావలసింది ఒక ఫర్మ్‌వేర్ ప్యాకేజీ. కార్డు పాడైందనుకుని మార్చినవారు ఉన్నా ఆశ్చర్యపోను.

మౌనగ్రబ్

ఎన్విడియా విషయంలో మీతో వాదన లేదు. అయితే చూడండి, మీరు కూడా ‘ఏ కార్డు’ అనే మొదలుపెట్టారు. ఆ ప్రశ్న అడగకుండా సలహా ఇవ్వడం మీదే నా పోరు. అడిగాక మీరు నోమోడ్‌సెట్ అన్నా నేను నోరెత్తను.

ఎఫ్12ప్రియ

నేను మాత్రం మొదటి జవాబులోనే రెండూ రాస్తాను: ‘సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుని చూడండి, ఇన్‌స్టాల్ చేసేలోపు ఏ దశలో నల్లబడిందో చెప్పండి.’ అడిగినవారు తెర ముందు ఖాళీగా కూర్చుని నా రెండో జవాబు కోసం ఎదురుచూడాలంటే ఒప్పుకోను.

కొత్తచేయి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇన్‌స్టాల్ అయింది, కానీ మళ్లీ ఖాళీ తెర. ఆ వీడియో మాట ప్రతిసారీ టైపు చేయాలా?

పాతయంత్రం

అక్కరలేదు. ఈసారికి గ్రబ్‌లో చేర్చి లోపలికి రండి. ఈటీసీ అనే ఫోల్డర్‌లో డిఫాల్ట్ ఫోల్డర్ కింద గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని సుడోతో (నిర్వాహక హక్కులిచ్చే ఆదేశం) తెరిచి, క్వైట్ స్ప్లాష్ ఉన్న కోట్ గుర్తుల మధ్యే మీ మాట చేర్చి సేవ్ చేయండి. తర్వాత సుడోతోనే అప్‌డేట్-గ్రబ్ ఆదేశం నడపండి. అది నడపకపోతే ఫైలు మార్చినా ఫలితం ఉండదు.

మౌనగ్రబ్

ఆ ఫైలు తెరిచినప్పుడు అందులో నోమోడ్‌సెట్ ఏమైనా దిగబడి ఉందేమో కూడా చూసి చెప్పండి.

కొత్తచేయి

లేదు. క్వైట్ స్ప్లాష్ మాత్రమే.

ఎఫ్12ప్రియ

మెనూ నుంచి ఎంచుకున్నారు కాబట్టి, చివర చేర్చలేదు కాబట్టి. నా పద్ధతి.