ఉన్నదాని విలువ మనసుకు పట్టాలంటే ఏం చేయాలి?

ప్రశ్న

నా వయసు 43 ఏళ్లు. హైదరాబాదులో ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. బ్యాంకు అప్పు తీరిపోయిన రెండు పడకగదుల ఇల్లు ఉంది, పిల్లలిద్దరూ చక్కగా చదువుకుంటున్నారు, అమ్మానాన్నలు మాతోనే ఉంటున్నారు. పదేళ్ల క్రితం నేను ఏమేమి కోరుకున్నానో అవి దాదాపు అన్నీ చేతికందాయి. అయినప్పటికీ, తెలిసినవారి గృహప్రవేశానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ, నిన్నటి దాకా సరిపోయిన మా వంటిల్లు ఇరుకుగా, మా హాలు వెలవెలబోతున్నట్టుగా కనిపిస్తుంది. ఈ వెలితిని నా భార్యతో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే ఆమె ఈ ఇంటిని ఎంతో ఇష్టంగా సర్దుకుంటుంది.

రోజూ రాత్రి మూడు మంచి విషయాలు పుస్తకంలో రాసుకుంటే కృతజ్ఞతాభావం అలవడుతుందని విని మొదలుపెట్టాను. మూడు వారాలు తిరిగేసరికి "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని ఇంపోజిషన్ రాసినట్టు రాస్తున్నాను. మనసులో ఏ కదలికా ఉండటం లేదు. ఈ సాధన చేసినవారు ఎలా చేశారో దయచేసి చెప్పగలరా? ఉన్నదానితో తృప్తి పడటం అలవాటైతే ఎదగాలన్న పట్టుదల సడలిపోతుందేమోనన్న భయం కూడా ఉంది.

సమాధానం 1

మీలో ప్రత్యేకమైన లోపమేదీ లేదండి. ఎంత మంచి మార్పుకైనా మనసు కొన్నాళ్లకు అలవాటుపడిపోయి, మళ్లీ మునుపటి స్థితికే వస్తుందని ఫిలిప్ బ్రిక్‌మన్, డోనల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లోనే వివరించారు. ఇంటికి అలవాటుపడిన మనసే మీ పుస్తకానికీ అలవాటుపడింది. కృతజ్ఞత మీద రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి భాగంలో పాల్గొన్న విద్యార్థులు రోజూ రాయలేదు. వారానికొకసారి, పది వారాల పాటు, ఐదు విషయాల దాకా రాశారు. చిరాకు కలిగించిన సంగతులు రాసినవారికంటే, మేలు కలిగించినవి రాసినవారు తమ జీవితం బాగున్నదని ఎక్కువగా భావించారు.

నేను ఆదివారం మాత్రమే, ఒక్క విషయమే, అరపేజీ రాస్తాను. పోయిన వారం రాసినది ఇది: రాత్రి వానలో నీళ్ల మోటారు ఆగిపోతే, మా వాచ్‌మన్ టార్చిలైటు పళ్లతో పట్టుకుని, రెండు చేతులతో ఫ్యూజు తీగ చుట్టి, చొక్కా నుంచి నీళ్లు కారుతుండగా "ఇప్పుడు వేసి చూడండి సార్" అన్నాడు. "ఆరోగ్యం" అన్న మాట రాస్తే కళ్ల ముందు ఏ బొమ్మా నిలవదు. ఆ టార్చి వెలుగు మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తోంది.

సమాధానం 2

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయినిని. కృతం అంటే చేసినది. దానిని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఎవరు మన కోసం ఏం చేశారో తెలిసి ఉండాలని ఆ మాటే చెబుతోంది. మీ జాబితాలో కలిమి ఉంది గాని, దానిని మీకు చేకూర్చిన మనుషులు లేరు. భోజనం ముగించి లేచేటప్పుడు మా పెద్దలు "అన్నదాతా సుఖీభవ" అనేవారు. ఆ దీవెన విస్తరిలోని పదార్థానికి కాదు, పెట్టిన చేతికి. కనుమ నాడు రైతు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టకుండా కడుపునిండా మేపుతాడు.

కనుక మీరు పుస్తకం కాసేపు పక్కన పెట్టి, ఇరుకుగా కనిపిస్తున్న ఆ వంటింట్లోకే వెళ్లి, స్టీలు సామాను ఒక్కొక్కటిగా తిప్పి చూడండి. మీ పెళ్లికీ గృహప్రవేశానికీ వచ్చిన గిన్నెల మీద సన్నని చుక్కలతో చెక్కించిన పేర్లు ఉంటాయి. రోజూ తోముతూ మనం చదవడం మానేసిన పేర్లవి. ఒక్కొక్కరినీ తలచుకోండి; బతికి ఉన్నవారితో మాట్లాడండి.

ఇక మీ భయం గురించి. పతంజలి యోగసూత్రాలు ఐదు నియమాలను చెబుతూ శౌచం తరువాత సంతోషాన్ని, ఆ వెంటనే తపస్సును పేర్కొన్నాయి. అక్కడ సంతోషమంటే దొరికినదానితో తృప్తి. తపస్సంటే కష్టానికి ఓర్చి చేసే సాధన. ఆ రెండింటికీ పొసగదని అనుకుని ఉంటే వాటిని పక్కపక్కన ఉంచేవారు కాదు.

సమాధానం 3

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక హద్దు గుర్తుచేయాలనుకుంటున్నాను. నేను గతంలో పనిచేసిన ఒక బడిలో నాలుగు నెలల జీతం ఆపి, అడిగినప్పుడల్లా "ఉద్యోగం ఉన్నందుకు సంతోషించండమ్మా, ఉన్నదాంతో సర్దుకోవాలి" అని చెప్పేవారు. తృప్తి మన కోరికల విషయంలో మనకు మనం చెప్పుకోవలసిన మాటే గాని, బాకీపడినవారు మనకు బోధించవలసిన మాట కాదు. ఇంకొకరి వంటిల్లు చూసి కలిగే వెలితిని తృప్తితో నయం చేసుకోవచ్చు. రావలసిన జీతాన్ని మాత్రం అడిగి తీరాలి. నేను అడిగే తీసుకున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం గిన్నెలు తిప్పి చూశాము. మేము రోజూ పాలు కాచే గిన్నె అంచున మా మేనత్త పేరు, దాని కింద 2008 అన్న అంకెలు ఉన్నాయి. పీచుతో తోమి తోమి మొదటి అక్షరం అరిగిపోయింది. ఆ రోజుల్లో ఆమె జాకెట్లు కుట్టి కూడబెట్టిన డబ్బుతో మా పెళ్లికి ఆ గిన్నె కొన్నదని మా అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. "ఆ గిన్నె ఇంకా వాడుతున్నార్రా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. ఆ తరువాత నా భార్యతో, ఇన్నాళ్లూ దాచుకున్న నా వెలితి గురించి కూడా మాట్లాడగలిగాను.

వచ్చే నెల మరో గృహప్రవేశానికి వెళ్లవలసి ఉంది. తిరిగి వచ్చాక మా వంటిల్లు ఎలా కనిపించిందో ఇక్కడే తెలియజేస్తాను.