అప్‌డేట్: పీఏ ప్రోగ్రాం సెలెక్ట్ చేసుకున్నాం

మొన్న అడిగా కదండీ, మా అమ్మాయికి అమెరికాలోనే రెండు ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, అంటే డాక్టర్‌తో కలిసి పేషెంట్లని చూసి వైద్యం చేసేవాళ్ళు) ప్రోగ్రాముల్లో సీటొచ్చింది, ఇంటి దగ్గరున్న కొత్తదా, వేరే స్టేట్‌లో పాతదా అని. పాతదే తీసుకుంది. పీఏ ప్రోగ్రాములకి గుర్తింపునిచ్చే ఏఆర్‌సీ-పీఏ వెబ్‌సైట్ చూడమన్నారుగా మీరు, కొత్తదానికి ప్రొవిజనల్ అక్రిడిటేషన్ (కొత్త ప్రోగ్రాముకిచ్చే తాత్కాలిక గుర్తింపు) ఉంది, దాంతో పాన్స్ అనే పరీక్ష (పీఏ లైసెన్స్‌కి ఇది పాసవ్వాలి) రాయొచ్చు గానీ ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదు కాబట్టి పాస్ రేటే లేదు. పాతదాని పేజీలో మొదటిసారే పాసైనవాళ్ళ శాతం, మధ్యలో మానేసినవాళ్ళ లెక్క రెండూ ఉన్నాయి, ప్రతి ప్రోగ్రామూ ఇవి పెట్టి తీరాలి, నన్నడిగితే మానేసినవాళ్ళ లెక్కే ముందు చూడాలి. రొటేషన్లకి, అంటే పేషెంట్ల దగ్గర చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి, హాస్పిటల్స్ వెతుక్కునే పని స్టూడెంట్ మీద పెట్టకూడదు, అదీ అడిగి కనుక్కుంది. కోర్సు నడిచే 27 నెలలు ఉద్యోగం కుదరదు, లోన్ తప్పదు. డిపాజిట్ కట్టేశాం, కొత్తదానికి రానని వెంటనే మెయిల్ పెట్టించా, వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఇంకో పిల్లకి ఆ సీటు వెళ్తుంది.