"గుండె నరాలు" అంటే ఏ నరాలు?

ప్రశ్న: గుండెకు పెట్ స్కాన్ (కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి తీసే స్కాన్) చేయించుకునేవాళ్ల కోసం తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాను. ఒక స్కాన్ గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో కొలుస్తుంది. ఇంకొకటి గుండెకు వచ్చే సింపథెటిక్ నెర్వ్స్ (గుండె వేగం పెంచే సంకేతాలు తెచ్చేవి) పనితీరు చూస్తుంది. రెండు చోట్లా "గుండె నరాలు" అనే వచ్చేస్తోంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లూ "నరం మూసుకుపోయింది" అనే అంటారు కదా. ఏం చేయమంటారు?

జవాబు: సెలైన్ పెట్టే నర్సు "నరం దొరకట్లేదు" అంటే అది సిర. పిక్క పట్టేస్తే "నరం పట్టేసింది" అంటాం, అది కండరం. షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్ల మంటలకు "నరాల వీక్‌నెస్" అంటే అది నిజంగా నెర్వే. ఇక టీవీ వాళ్ల "నరాలు తెగే ఉత్కంఠ"లో తెగేది ఏ నరమో వాళ్లకే తెలియాలి. మాటల్లో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం రెండూ గుండెలోనే ఉన్నాయి, కాబట్టి విడదీయక తప్పదు.

ఎక్కించే మందులే వేరు. రక్తప్రసరణకు రుబీడియం-82 గానీ నైట్రోజన్-13 అమ్మోనియా గానీ వాడతారు. రుబీడియం 76 సెకన్లలోనే సగమైపోతుంది, అందుకే పక్కనే ఉన్న జనరేటర్ (కరెంటుది కాదు, ఆ మందును అక్కడికక్కడే తయారుచేసే పరికరం) నుంచి నేరుగా చేతిలోకి పంపుతారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గ్రాము గుండె కండరానికి నిమిషానికి సుమారు 1 మిల్లీలీటరు రక్తం అందుతుంది. అడినోసిన్ లాంటి మందుతో నాళాలను విప్పార్చి మళ్లీ కొలిస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది మూడు నాలుగు రెట్లవుతుంది. రెండు రెట్లు కూడా పెరగకపోతే, యాంజియోగ్రామ్‌లో పెద్ద నాళాలు బాగున్నా సన్న నాళాలను అనుమానిస్తారు.

నెర్వ్స్ కోసం కార్బన్-11 హైడ్రాక్సీఎఫెడ్రిన్ వాడతారు. నెర్వ్ కొసలు తాము సంకేతంగా వదిలిన రసాయనం నార్‌అడ్రినలిన్‌ను వెనక్కి లాక్కునే దారిలోనే ఇదీ లోపలికి పోతుంది. నెర్వ్ లేని చోట పెద్దగా నిలవదు. గుండె మార్పిడి చేసినవాళ్లను చూడండి. కొత్త గుండె తన రక్తనాళాలతో సహా వస్తుంది, నెర్వ్స్ మాత్రం తెగిపోతాయి. రక్తం స్కాన్ నిండుగా వస్తుంది, నెర్వ్ స్కాన్ దాదాపు ఖాళీ. ఏళ్లు గడిచాక కొందరిలో అవి కొంతమేర మళ్లీ పెరుగుతాయి. ఆ మనిషికి "మీ గుండె నరాలు బాగున్నాయి" అని చెబితే ఏం అర్థమవుతుంది?

ఇంకొకరు: బడి పుస్తకాల్లో ధమని, సిర, నాడి అని ఉన్నాయిగా, అవే రాస్తే పోలా?

జవాబు: ధమని సరే. నాడి దగ్గరే చిక్కు. ఊళ్లో నాడి అంటే పల్స్. "నాడి పనిచేయట్లేదు" అని కాగితం మీద చదివితే పెద్దాయనకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. మొదటిదానికి "గుండె రక్తనాళాలు", రెండోదానికి "గుండెకు సంకేతాలు తెచ్చే నరాలు" అని రాయండి. కొంచెం పొడుగే, పర్లేదు.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ, అలాగే రాస్తాను. "స్కాన్‌కు ముందు కాఫీ, టీ మానేయండి" అనే వాక్యం కూడా ఉంది.

జవాబు: "మానేయండి" అంటే జన్మకే అనుకుంటారు. కాఫీ, టీల్లోని కెఫీన్ నాళాలను విప్పార్చే అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది, అంతే. "స్కాన్ అయ్యేదాకా తాగకండి" అని రాసి, ఎన్ని గంటల ముందు నుంచో మీ డాక్టర్ గారు చెప్పినట్టు వేయండి.