హెప్‌వర్త్ ‘రెస్క్యూడ్ బై రోవర్’: ఏ కాపీ వెయ్యాలి, ఏ వేగంతో?

ప్రశ్న (పర్లాకిమిడి)
ఇక్కడి తెలుగు, ఒడియా పిల్లలకు తొలినాళ్ల బ్రిటిష్ సినిమా నిర్మాత సెసిల్ హెప్‌వర్త్ మీద ఒక పూట ప్రదర్శన పెడుతున్నాం. ఎత్తుకుపోయిన పాపను రోవర్ అనే కుక్క వెతికి పట్టే ‘రెస్క్యూడ్ బై రోవర్’ (1905) కాపీలు రెండు దొరికాయి. కథ ఒకటే గానీ షాట్లు కలవడం లేదు. పైగా ఒకదాంట్లో కుక్క మరీ ఉరుకులు పెడుతోంది. అసలుది ఏది?

జవాబు (బరంపురం)
షాట్లు కలవనంత మాత్రాన నకిలీ కాదండీ. హెప్‌వర్త్ సంస్థే దీన్ని మూడుసార్లు తీసింది. అప్పట్లో ప్రింట్లను అడుగుల లెక్కన అమ్మేసేవారు. 425 అడుగులు, అడుగు 6 పెన్నీలు, అంటే ప్రింటు 10 పౌండ్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు (అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు). తీయడానికి అయిందేమో 7 పౌండ్ల 13 షిల్లింగుల 9 పెన్నీలే! దాదాపు 395 ప్రింట్లు అమ్ముడుపోయాయి. ప్రతి ప్రింటుకూ నెగటివ్‌ని (కెమెరాలో తీసిన మూల ఫిల్ముని) ముడి ఫిల్ముకు ఆనించి యంత్రంలో లాగాలి. అన్నిసార్లు లాగితే అంచు రంధ్రాలు చిరుగుతాయి, గీతలు పడతాయి. నెగటివ్ అరిగిపోయిన ప్రతిసారీ మళ్లీ తీశారు.

పోస్టరు మీద దర్శకుడిగా లూయిన్ ఫిట్జ్‌హామన్ పేరు వేయండి. హెప్‌వర్త్ నిర్మాత, తండ్రి వేషం ఆయనదే. కథ ఆయన భార్యది, పాప వాళ్ల కూతురే.

జవాబు (సిరొంచ)
వేగం సంగతి. అప్పటి సినిమాలు సెకనుకు సుమారు 16 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున తీసేవారు, 24 చొప్పున వేస్తే ఉరుకులు కనిపిస్తాయి. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, 425 అడుగులకు మొత్తం 6,800. సెకనుకు 16 చొప్పున సుమారు 7 నిమిషాలు, 24 చొప్పున 4 నిమిషాల 43 సెకన్లు. మీ ఫైలు ఐదు నిమిషాల లోపుంటే వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో వేగం 0.67 పెట్టండి. ఏడుకి దగ్గరగా ఉంటే ముట్టుకోవద్దు, తగ్గిస్తే కుక్క ఈడ్చుకుంటూ నడుస్తుంది. వేగం తగ్గిస్తే సంగీతమూ సాగుతుంది కనుక మ్యూట్ చేసి పాట వేరే పెట్టండి. కుక్క కిటికీలోంచి దూకి, వీధి మలుపు తిరిగి, ఏరు ఈది, ఇల్లిల్లూ వెతికే వరుస చూస్తే చాలు, పిల్లలకు ఏ భాషా అక్కర్లేదు.

ప్రశ్న (పర్లాకిమిడి)
చాలా మేలు చేశారు. హెప్‌వర్త్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలంటే?

జవాబు (బరంపురం)
ఆయన్ని ల్యాబు మనిషిగా పరిచయం చేయండి, అదే న్యాయం. ఆయన తండ్రి మాయాదీపం (గాజు పలకల బొమ్మలను తెర మీద వేసే మ్యాజిక్ లాంతరు) ప్రదర్శనలిచ్చేవారు. 1897లోనే ఈయన సినిమా పనితనం మీద పుస్తకం రాశారు. ఫిల్ము కడిగే యంత్రం తయారుచేసి, లండన్ దగ్గరి వాల్టన్‌లో స్టూడియో పెట్టారు. 1903లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ తీశారు. 1924లో సంస్థ దివాలా తీసింది. అప్పులు తీర్చడానికి ఆస్తులు స్వాధీనం చేసుకున్న రిసీవరు, ఫిల్ములోని వెండి కోసం నెగటివ్‌లన్నీ కరిగించేశాడు. ఇన్ని ప్రింట్లు అమ్ముడవబట్టే రోవర్ మనదాకా వచ్చింది.